సీటు ఉస్మానియాలో, గది అమీర్‌పేటలోనా?

ఉస్మానియాలోనో, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలోనో పీజీ సీటు ఖాయం కాగానే చాలా ఇళ్లలో మొదట వచ్చే ఆలోచన అమీర్‌పేటలో హాస్టల్ చూడాలని. చేరేది ఎకనామిక్స్ అయినా, కెమిస్ట్రీ అయినా, తెలుగు అయినా అదే మాట. పొద్దున ఒక సాఫ్ట్‌వేర్ కోర్సు, సాయంత్రం ఇంకోటి, మధ్యలో వీలును బట్టి యూనివర్సిటీ. 'ఒక్క ఖర్చుతో రెండు పనులూ అయిపోతాయి కదండీ' అని తల్లిదండ్రులు నన్ను అడుగుతుంటారు. కావండీ. నేను చూసిన పిల్లల్లో ఎక్కువమంది రెంటికీ చెడ్డ రేవడి అయ్యారు.

అమీర్‌పేట నుంచి తార్నాకకు మెట్రో ఉంది, త్వరగానే దింపుతుంది. అక్కడి నుంచి ఆర్ట్స్ కాలేజీకి మళ్లీ ఆటో చూసుకోవాలి. సెంట్రల్ యూనివర్సిటీ వాళ్లకైతే రాయదుర్గంలోనే మెట్రో అయిపోతుంది, ఆపైన గచ్చిబౌలి ట్రాఫిక్‌లో బస్సు. అయినా నా బాధ ప్రయాణం గురించి కాదు. పీజీలో అసలు చదువు క్లాసు అయిపోయాకే మొదలవుతుంది. లైబ్రరీలో, ల్యాబులో, సెమినార్ హాల్లో, సీనియర్లతో టీ కొట్టు దగ్గర జరిగే మాటల్లో ఎవరు ఏ ప్రాజెక్టు చేస్తున్నారో, ఏ ప్రొఫెసర్ దగ్గర ఖాళీ ఉందో తెలుస్తుంది. నెట్ పరీక్షకు కలిసి చదివే నలుగురు అక్కడే దొరుకుతారు. అందులో జేఆర్ఎఫ్ వస్తే నెలకు 37 వేల రూపాయల ఫెలోషిప్ వస్తుంది. నాలుగింటికల్లా బ్యాగు సర్దుకుని కోచింగ్‌కు పరుగెత్తే విద్యార్థికి ఇవేవీ అందవు. హాజరు 75 శాతానికి తగ్గితే స్కాలర్‌షిప్పూ చిక్కుల్లో పడుతుంది. కోచింగ్ సంస్థ మాత్రం ఫీజు ముందే కట్టించుకుంటుంది, మీ పిల్లల హాజరుతో దానికి పని లేదు. పైగా ఆ కోర్సుల్లో చాలావరకు ఇప్పుడు ఆన్‌లైన్‌లోనే చెబుతున్నారు. వాటి కోసం ఆ వీధిలోనే ఇరుకు గదిలో నలుగురితో ఉండాల్సిన అవసరం ఏముంది?

అశోక్‌నగర్ సంగతి ఇంకా కష్టం. పీజీలో చేరి, గ్రూప్స్ ఉద్యోగాల కోచింగ్ కోసమని అక్కడ గది తీసుకునే పిల్లలు మొదటి సెమిస్టర్ దాటేలోపే క్యాంపస్‌కు దూరమవుతారు. తెలంగాణలో 503 పోస్టులకు 2022 ఏప్రిల్‌లో వచ్చిన గ్రూప్-1 నోటిఫికేషన్ ఏమైందో గుర్తుందా? ప్రిలిమ్స్ రెండుసార్లు రద్దయింది. చివరికి 2024 ఫిబ్రవరిలో ఆ నోటిఫికేషన్‌నే పక్కనపెట్టి కొత్తది ఇచ్చారు. దాదాపు రెండేళ్లు గది అద్దె, మెస్ బిల్లు, టెస్ట్ సిరీస్ ఫీజులు ఊళ్లో ఉన్న నాన్నలే కట్టారు. గ్రూప్స్ రాయొద్దని నేను అనను. పీజీ పూర్తిచేసి రాయమంటాను. రెండేళ్లలో చేతికొచ్చే డిగ్రీని ఎప్పుడొస్తుందో తెలియని పరీక్షకు బలిచేయొద్దు.

అమ్మాయిల విషయంలో ఇంకో నమ్మకం: బంధువుల ఇల్లయితే భద్రం. ఎల్‌బీ నగర్‌లో మేనత్త ఇల్లో, కూకట్‌పల్లిలో పిన్ని ఇల్లో ఉంటే చాలు, క్యాంపస్ ఎంత దూరమన్నది ఎవరూ అడగరు. మహాలక్ష్మి పథకం కింద తెలంగాణ అమ్మాయిలకు సిటీ బస్సు ఉచితమే. కానీ దారిలో పోయే మూడు గంటలు ఎవరిస్తారు? ఏడింటికల్లా ఇల్లు చేరాలి, వంటింట్లో చెయ్యి వేయాలి, చుట్టాలొస్తే పుస్తకం మూసేయాలి. ఆ ఇంట్లో వాళ్లు ఎంత మంచివాళ్లయినా ఆ అమ్మాయికి లైబ్రరీలో ఒక్క సాయంత్రం దక్కదు. కొడుకును అమీర్‌పేటకూ, కూతుర్ని మేనత్త ఇంటికీ పంపే పెద్దలను చూస్తే నాకు నిజంగా కోపం వస్తుంది. ఇద్దరూ వెళ్లింది చదువుకోవడానికే కదా.

నా ఓటు ముందు క్యాంపస్ హాస్టల్‌కే. భోజనం బాగోదని, గదిలో మంది ఎక్కువని వెనక్కి తగ్గొద్దు. సీటు వచ్చిన వెంటనే దరఖాస్తు పెట్టండి.

అది దొరక్కపోతే ఉస్మానియా వాళ్లు విద్యానగర్, అడిక్‌మెట్, రాంనగర్, నల్లకుంట, తార్నాక చూడండి. సైన్స్ విద్యార్థులకు నేను తార్నాక, హబ్సిగూడ వైపే చెబుతాను. ఐఐసీటీ, సీసీఎంబీ, ఎన్‌జీఆర్‌ఐ, జాతీయ పోషకాహార సంస్థ అన్నీ ఆ చుట్టుపక్కలే. ప్రాజెక్టు కోసం తిరిగేటప్పుడు ఆ దగ్గరతనం విలువ తెలుస్తుంది. ఎంఎంటీఎస్‌కు విద్యానగర్, జామై ఉస్మానియా, ఆర్ట్స్ కాలేజీ దగ్గర స్టేషన్లున్నాయి. టికెట్ చవకే కానీ రైళ్లు తక్కువ, దాన్నే నమ్ముకుని దూరాన గది తీసుకోవద్దు. సెంట్రల్ యూనివర్సిటీ వాళ్లకు లింగంపల్లి, నల్లగండ్ల, గోపన్‌పల్లి నయం. గచ్చిబౌలి, కొండాపూర్ హాస్టళ్ల ధరలు ఐటీ ఉద్యోగి జీతాన్ని బట్టి పెట్టినవి, విద్యార్థి వాటి జోలికి పోనక్కర్లేదు.

గదిని చూడకుండా ఫోన్‌పేలో అడ్వాన్సు పంపకండి. ఫొటోలు చూసి డబ్బు కట్టి, వచ్చాక వేరే గది చూపించారని మొత్తుకునే పిల్లలు ఏటా వస్తారు. ఖాళీ చేసేటప్పుడు అడ్వాన్సులో ఎంత కోస్తారో, ఎన్నాళ్ల ముందు చెప్పాలో కాగితం మీద రాయించుకోండి. రాత్రి ఎనిమిదింటికి బస్‌స్టాప్ నుంచి గది దాకా ఒకసారి నడవండి, వీధి దీపాలు వెలుగుతున్నాయో లేదో తెలుస్తుంది. వేసవిలో నీళ్లు ఎలా వస్తాయో, ట్యాంకర్ డబ్బు ఎవరిస్తారో యజమానిని కాక అందులో ఉంటున్న వాళ్లనే అడగండి. ఒకే ఇరుకు మెట్లదారి ఉండి, రాత్రి కింద షట్టర్‌కు తాళం వేసే హాస్టల్‌లో అద్దె ఎంత తక్కువైనా చేరొద్దు. అగ్నిప్రమాదం జరిగితే బయటపడే దారి ఉండదు.

తల్లిదండ్రులకు ఒక్క విన్నపం. గది చూడటానికి పిల్లల్ని వెంట తీసుకెళ్లండి. రెండేళ్లు అక్కడ ఉండేది వాళ్లు, ఏ పేటలో ఉండాలో వాళ్లనే చెప్పనివ్వండి.