జాజు బొమ్మలు, బూడిద దిబ్బలు

అక్కలారా, మన ఇంటి గడపకు జాజు పూస్తాం. అరుగు అలికి ముగ్గు వేస్తాం. ఈ పని మనకు ఎవరు నేర్పారు? అమ్మ నేర్పింది. అమ్మకు అమ్మమ్మ నేర్పింది. అమ్మమ్మకు వాళ్ళ అమ్మ. ఇట్లా వెనక్కి వెనక్కి పోతూ ఉంటే ఎక్కడ ఆగుతాం?

వేల ఏళ్ళ వెనక్కి పోతే ఒక గుట్ట కనబడుతుంది. గుట్టమీద ఒక పెద్ద బండ. బండ కింద నీడ. ఆ నీడలో కూర్చొని ఎవరో ఎర్రరాయి నూరుతున్నారు. నూరిన పొడిని తడిపి, బండమీద దుప్పి బొమ్మ గీస్తున్నారు. అప్పటికి అక్షరాలు లేవు. అ ఆ లు రాయడం భూమిమీద ఎవరికీ రాదు. కానీ చెప్పుకోవలసిన సంగతులు ఉన్నాయి. అందుకే బొమ్మ గీశారు.

ఇది కథ కాదు. ఆ బొమ్మలు ఇప్పటికీ ఉన్నాయి. పోయి చూడవచ్చు.

మన ఇబ్రహీంపట్నం నుంచి కరీంనగర్ మీదుగా పరకాల దాటి పోతే రేగొండ వస్తుంది. ఒకప్పుడు అది వరంగల్ జిల్లా. ఇప్పుడు జయశంకర్ భూపాలపల్లి జిల్లా. అక్కడ ఇసుకరాతి గుట్టలు ఉన్నాయి. పేరు పాండవుల గుట్టలు. 1990లో ఈ గుట్టల మీది బొమ్మల సంగతి బయటి లోకానికి తెలిసింది. అంటే అంతకుముందు ఎవరూ చూడలేదని కాదు. గొర్లు కాసేవాళ్ళు చూశారు. కట్టెలకు పోయిన ఆడవాళ్ళు చూశారు. వానొస్తే ఆ బండల కిందనే నిలబడ్డారు. కానీ వాళ్ళను అడిగినవాళ్ళు లేరు. వాళ్ళు రాసి పెట్టలేదు.

ఆ బండల మీద ఏమున్నాయి? అడవి దున్న ఉంది. దుప్పి, పులి, చిరుతపులి ఉన్నాయి. విల్లు, బాణం ఉన్నాయి. గుండ్రని గీతలు, చదరపు గీతలు ఉన్నాయి. ఎరుపు, పసుపు, తెలుపు, ఆకుపచ్చ రంగులు కనబడతాయి.

“గన్ని వేల ఏండ్లు రంగు ఎట్ల నిలిచింది? మా గోడకు ఏసిన సున్నం రెండేండ్లకే రాలిపాయె” అని ఎవరైనా అడుగుతారు. మంచి ప్రశ్న. ఎర్ర రంగు జాజు వంటి రాయి నుంచి వచ్చింది. అందులో ఇనుము ఉంటుంది. ఇనుము తుప్పు పడితే ఎర్రగా అవుతుంది కదా. ఆ ఎరుపు ఎండకు వెలిసిపోదు. చెట్ల ఆకుల రసం, పూల రంగు అయితే వెలిసిపోతుంది. రెండో సంగతి, బొమ్మలు గీసిన చోటు. బండ ముందుకు వంగి చూరు లాగా ఉంటుంది. వాన నీళ్ళు బొమ్మ మీద పడవు. బొమ్మ గీసినవాళ్ళకు ఈ తెలివి ఉంది. లేదా, బయట గీసినవి ఎప్పుడో కొట్టుకుపోయి, లోపలివే మనకు మిగిలాయి. రెండూ నిజం కావచ్చు.

అన్ని బొమ్మలూ ఒక్కనాడు గీసినవి కావు. ఒకరు గీసిన దాని మీద మరొకరు గీశారు. పాత గోడమీద కొత్త సున్నం వేసినట్టు. పండితులు ఏ బొమ్మ కింద ఉంది, ఏది మీద ఉంది అని చూస్తారు. అడవి జంతువులు, విల్లు బాణాలు మాత్రమే ఉంటే అవి వేటాడి బతికిన కాలానివి కావచ్చు. మూపురం ఉన్న ఎద్దులు ఉంటే పశువులను పెంచిన కాలానివి. కత్తి, బల్లెం పట్టిన సైనికులు ఉంటే చాలా తర్వాత, రాజుల కాలానివి. పాండవుల గుట్టల మీద కత్తులు, బల్లేల వాళ్ళు కూడా ఉన్నారు. అంటే వేటగాళ్ళ కాలం నుంచి రాజుల కాలం దాకా జనం అక్కడికి వస్తూనే ఉన్నారు.

పాండవులు వచ్చారో లేదో మనం తేల్చలేం. మన దగ్గర పెద్ద బండ కనబడితే పాండవుల పేరో, రాకాసుల పేరో పెడతాం. ఇంత పెద్ద పని మామూలు మనుషులు చేశారంటే నమ్మబుద్ధి కాదు. చేసింది మాత్రం మామూలు మనుషులే.

ఇక వాళ్ళు ఎట్లా బతికారో చూద్దాం. దీనికి బొమ్మలు చాలవు. మట్టిని అడగాలి.

పాత మహబూబ్‌నగర్ జిల్లాలో, మక్తల్ వైపు ఊట్నూరు అనే ఊరు ఉంది. ఆదిలాబాద్ వైపు ఉట్నూరు వేరు, ఇది వేరు. అక్కడ ఒక బూడిద దిబ్బ ఉంది. ఇట్లాంటి దిబ్బలు అనంతపురం, బళ్ళారి వైపు ఇంకా చాలా ఉన్నాయి. భీముడు ఒక రాక్షసుణ్ణి చంపి కాల్చాడనీ, అది ఆ బూడిద అనీ బళ్ళారి వైపు జనం చెప్పుకొనేవారు. ఇనుము కరిగించిన కొలిమి బూడిద అని కొందరు చదువుకున్నవాళ్ళు అన్నారు. చివరికి ప్రయోగశాలలో పరీక్ష చేశారు. ఏమని తేలింది?

పేడ. ఉత్త ఆవుపేడ.

1957లో ఆల్చిన్ అనే ఇంగ్లండు పరిశోధకుడు ఊట్నూరు దిబ్బను తవ్వించాడు. పొరలు పొరలుగా తవ్వించాడు. బూడిద కింద వరుసగా గుంతలు కనబడ్డాయి. అవి గుంజలు పాతిన గుంతలు. అంటే ఇక్కడ పశువుల దొడ్డి ఉండేది. చుట్టూ గుంజలు పాతి కంచె కట్టారు. ఇంకో చోట బూడిదలో గిట్టల గుర్తులు దొరికాయి. వేల ఏళ్ళ కింద ఒక ఆవు మెత్తటి బూడిదలో కాలు వేసింది. ఆ గుర్తు మీద మళ్ళీ బూడిద కప్పింది. గుర్తు అట్లాగే నిలిచింది.

దొడ్డిలో పేడ పేరుకునేది. ఎప్పుడో ఒకసారి దానికి నిప్పు పెట్టేవాళ్ళు. మళ్ళీ దొడ్డి కట్టేవాళ్ళు. మళ్ళీ కాల్చేవాళ్ళు. ఎందుకు కాల్చారు? రోగాలు రాకుండానా? పండుగ చేసుకున్నారా? కర్ణాటకలో సంక్రాంతికి పశువులను మంట దాటించే ఆచారం ఇప్పటికీ ఉంది. ఆల్చిన్ ఇట్లాంటి ఆచారాలతో దీనిని పోల్చి చూశాడు.

ఇది ఎంత పాతది? నాలుగు వేల ఏళ్ళకు పైమాటే. అంత కచ్చితంగా ఎట్లా చెప్పగలరు? బొగ్గును బట్టి చెబుతారు. చెట్టు బతికి ఉన్నంత కాలం గాలిలో నుంచి ఒక రకం కార్బన్ తీసుకుంటుంది. చెట్టును కొట్టాక తీసుకోవడం ఆగిపోతుంది. లోపల ఉన్నది మెల్లమెల్లగా తగ్గుతుంది. 5,730 ఏళ్ళకు సగం అవుతుంది. కాలిన కట్టెలో ఎంత మిగిలిందో కొలిస్తే, ఆ కట్టె కొట్టి ఎన్నేళ్ళయిందో లెక్క తేలుతుంది. పొయ్యిలో మిగిలిన బొగ్గు ముక్క సాక్ష్యం చెబుతుందన్నమాట. అందుకే తవ్వేవాళ్ళు బొగ్గు ముక్కను బంగారం కన్నా జాగ్రత్తగా తీస్తారు.

ఆ కాలం ఆడవాళ్ళ పని ఏమిటో కూడా మట్టిలోనే దొరికింది. గుట్టల మీద బండలో నున్నగా అరిగిన గుంటలు ఉంటాయి. మీలో చాలామంది చూసే ఉంటారు. కొన్నింటిలో రాతి గొడ్డలి నూరారు. కొన్నింటిలో గింజలు నూరారు. ఏ గింజలు? కాలిపోయి బొగ్గయిన గింజలను ఏరి, భూతద్దం కింద పెట్టి చూశారు. ఉలవలు, పెసలు, కొర్రల వంటి చిరుధాన్యాలు అని గుర్తు పట్టారు. ఉలవచారు రుచి మనకన్నా ముందు వాళ్ళకు తెలుసేమో! వరి మాత్రం వాళ్ళ ముఖ్యమైన పంట కాదు.

కుండలు చేత్తో చేశారు. సారె అప్పటికి ఎక్కువగా లేదు. ఇళ్ళు చిన్నవి, గుండ్రనివి. తడికె గోడకు మట్టి మెత్తారు. బళ్ళారి జిల్లా టెక్కలకోటలో తవ్వితే పసిపిల్లల ఎముకలు కుండల్లో దొరికాయి. చనిపోయిన పసికందును కుండలో పెట్టి పూడ్చారు. పెద్దవాళ్ళను వేరే విధంగా పూడ్చారు. ఆ తల్లి పేరు మనకు తెలియదు. ఏ భాష మాట్లాడిందో తెలియదు. ఆ కుండను ఎంత మెల్లగా మట్టిలో దించిందో మాత్రం మనకు తెలుసు.

బళ్ళారి దగ్గరే కుప్గల్ అనే ఊరు ఉంది. ఆ గుట్టమీద నల్ల బండలు ఉన్నాయి. వాటిమీద రంగు వేయలేదు. రాతితో కొట్టి కొట్టి బొమ్మలు చెక్కారు. పొడుగు కొమ్ముల ఎద్దులే ఎక్కువ. అక్కడి కొన్ని బండలను రాయితో కొడితే గంట మోగినట్టు మోగుతాయి. కొట్టీ కొట్టీ అక్కడ గుంటలు పడ్డాయి. బొమ్మలు చెక్కేటప్పుడు పాటలు కూడా పాడుకున్నారేమో. ఆ గుట్టలో కొంత భాగం క్వారీకి పోయింది.

క్వారీ మాట వచ్చింది కాబట్టి మన దగ్గరి సంగతి కూడా చెప్పుకోవాలి. కరీంనగర్ చుట్టుపక్కల ఎన్నో గుట్టలను గ్రానైట్ కోసం కోశారు. ఆ రాయి ఓడలెక్కి దూర దేశాలకు పోయింది. క్వారీ పని కొంతమందికి కూలి ఇచ్చింది, అది కాదనలేం. కానీ గుట్టను కోసే ముందు దాని మీద ఏముందో ఒకసారి చూడాలి. పోయిన గుట్ట మళ్ళీ మొలవదు.

ఇంకో ముప్పు ఉంది. గుప్తనిధుల పిచ్చి. పాత గుడి, పాండవుల బండ, రాకాసి గూడు, ఏది కనబడితే అది రాత్రిపూట తవ్వుతారు. రాకాసి గూళ్ళు అంటే ఏమిటి? నాలుగు వైపులా బండలు నిలబెట్టి, మీద బండ కప్పిన పాతకాలపు సమాధులు. ఇనుము వాడడం నేర్చిన కాలంవి. వాటిలో దొరికేది కుండలు, ఎముకలు, ఇనుప కత్తులు, పూసలు. లంకెబిందెలు కావు. నిధి కోసం తవ్వినవాళ్ళు కుండలను పగలగొట్టి, ఎముకలను చెల్లాచెదరు చేసి పోతారు. ఏ పొర కింద ఏముందో ఇక ఎవరూ చెప్పలేరు. పుస్తకం చదవక ముందే చింపినట్టు.

నారాయణపేట జిల్లా ముడుమాల్‌లో కృష్ణ ఒడ్డున నిలువు రాళ్ళు ఉన్నాయి. మనిషికి రెండింతల ఎత్తు ఉంటాయి. చచ్చిపోయినవాళ్ళ గుర్తుగా పాతారంటారు. ఒక చిన్న బండమీద గుంటలు చెక్కారు. అవి ఆకాశంలోని సప్తర్షి చుక్కలను పోలి ఉన్నాయి. ఊరివాళ్ళు ఒక నిలువురాయిని ఎల్లమ్మ అని కొలుస్తారు. కొలిచిన రాయిని ఎవరు పీకుతారు? ఆ రాళ్ళు 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలోకి ఎక్కాయి. యునెస్కో అంటే ప్రపంచంలోని చాలా దేశాలు కలిసి నడిపే సంస్థ. చదువు, సంస్కృతి దాని పని.

మన జగిత్యాల జిల్లాలోనే, గోదావరి ఒడ్డున కోటిలింగాల ఉంది. అది బొమ్మల కాలానికి చాలా తర్వాతది. శాతవాహన రాజుల కాలం, అంటే రెండు వేల ఏళ్ళ కిందటిది. అక్కడ 1970ల చివర, 1980లలో తవ్వకాలు జరిగాయి. చిముకుడు అనే రాజు పేరున్న నాణేలు దొరికాయి. అప్పటికి అక్షరాలు వచ్చాయి. అందుకే ఆ రాజు పేరు మనకు తెలిసింది. ఇటు పెద్దపల్లి దగ్గర పెద్దబంకూరులో ఇటుకలతో కట్టిన బావులు, వేలకొద్దీ నాణేలు బయటపడ్డాయి.

పొలంలో నాగలికో, ట్రాక్టరుకో ఇట్లాంటిది తగిలితే ఏం చేయాలి? 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ఒకటి ఉంది. పది రూపాయలకు మించిన విలువ గలది భూమిలో దొరికితే కలెక్టరుకు తెలపాలి. మన మాటలో చెప్పాలంటే, తహసీల్దారు ఆఫీసుకు పోయి ఒక దరఖాస్తు ఇవ్వవచ్చు. ఎక్కడ దొరికింది, ఎప్పుడు దొరికింది, ఏం దొరికింది అని రాసి, కింద సంతకం చేస్తే చాలు. వేలిముద్ర అవసరం ఇప్పుడు మనకు లేదు. బొమ్మలున్న బండ కనబడితే దానిమీద నీళ్ళు చల్లవద్దు, సుద్దతో గీత గీయవద్దు, సున్నం వేయవద్దు. పిల్లలు పేర్లు చెక్కకుండా చూడండి.

చివరగా ఒక చిన్నపిల్ల ముచ్చట. 1879లో స్పెయిన్ దేశంలో ఒకాయన ఆల్తమీరా అనే గుహలో నేల తవ్వి పాత వస్తువులు వెతుకుతున్నాడు. వెంట కూతురు మరియా ఉంది. ఎనిమిది, తొమ్మిదేళ్ళ పిల్ల. తండ్రి చూపు నేలమీద ఉంది. పిల్ల తల ఎత్తి పైకప్పు చూసింది. “నాయినా, ఎడ్లు!” అన్న అర్థం వచ్చేటట్టు అరిచింది. పైన ఎర్రటి అడవి దున్నలు, వేల ఏళ్ళ నాటివి. పండితులు ఆయనను నమ్మలేదు. దొంగ బొమ్మలన్నారు. ఆయన 1888లో చనిపోయాడు. 1902లో గానీ పండితులు తప్పు ఒప్పుకోలేదు.

మాట్లాడుకుందాం

మీ ఊరి గుట్టకు, బండకు ఏం పేరు ఉంది? ఆ పేరు ఎట్లా వచ్చిందని పెద్దలు చెబుతారు?

బండలో నున్నటి గుంటలు, పాత పెంకులు, నిలువు రాళ్ళు ఎక్కడైనా చూశారా?

బీడీలు చేసేటప్పుడు పక్కన కూర్చున్న పెద్ద వయసు అవ్వను అడగండి. ఆమె చెప్పింది నాలుగు వాక్యాల్లో రాసి, వచ్చే వారం తీసుకురండి. ఆమె పేరు కూడా రాయండి.