గండికోట ఎవరిది?
(ఒక దుర్గము – అయిదు హక్కులు)

“క్రీ.శ. 1650లో మీర్ జుమ్లా గండికోటను జయించినాడు.” చరిత్ర పాఠములలో ఈ ఒక్క వాక్యము కనిపించును. పరీక్షకు అది చాలును. కాని చరిత్రను గ్రహింపదలచిన విద్యార్థి మరొక ప్రశ్న వేసికొనవలసియున్నది: జయించిన తరువాత ఆ కోట ఎవరిదైనది? కోటను ఎక్కి పోరాడినవానిదా, అతనిని పంపిన సుల్తానుదా, ఆ సుల్తానుచేత కప్పము కట్టించుకొనిన చక్రవర్తిదా, కోల్పోయిన రాయలవారిదా, తరతరములుగా కాపాడిన నాయకునిదా? ఈ అయిదు వాదములు ఒకే దశాబ్దిలో, ఒకే కొండమీద ఢీకొన్నవి. ఆ వాదములను విడివిడిగా పరిశీలించుటయే ఈ వ్యాసోద్దేశము.

దుర్గము – దాని విలువ

కడప మండలమున జమ్మలమడుగునకు పడమటి దిక్కున పెన్నానది ఎఱ్ఱమల కొండలను చీల్చుకొని లోతైన గండిగుండా ప్రవహించును. ఆ గండి అంచుననే కోట వెలసినది గనుక దానికి గండికోట యను పేరు వచ్చినది. ఒకవైపు నదీలోయ సహజమైన అగడ్త. మిగిలిన దిక్కుల ఎత్తైన రాతి ప్రాకారము. లోపల మాధవరాయ, రంగనాథ స్వాముల ఆలయములు, జామియా మసీదు, విశాలమైన ధాన్యాగారము, రాయలచెరువు, కత్తుల కోనేరు నేటికిని చూడదగియున్నవి.

ఈ సీమ వాన తక్కువైన సీమ. జొన్న, కొఱ్ఱ, ప్రత్తి పండు మెట్టభూములే ఎక్కువ. ఇట్టి కరవునేలకొఱకు సామ్రాజ్యములు ఏల పోరాడినవి? కారణములు మూడు. రామళ్లకోట, వజ్రకరూరు, కడప దగ్గరి చెన్నూరు వంటి తావులలోని వజ్రపు గనులు మొదటిది. దక్కను పీఠభూమినుండి తూర్పుతీరపు రేవులకు పోవు కనుమ దారులపై అదుపు రెండవది. తీరమున పరదేశ వర్తకులు కొనుచుండిన నేతబట్టల వ్యాపారము మూడవది. పులికాటులో డచ్చివారు, మద్రాసులో ఇంగ్లీషువారు స్థిరపడిన పిమ్మట సముద్రతీరమును కోరిన ప్రతి ప్రభువునకును ఈ మెట్టసీమ దుర్గములు అవసరమైనవి.

అయిదు వాదములు

మొదటి హక్కు పెమ్మసాని నాయకులది. విజయనగర ప్రభువుల నాయంకర పద్ధతిలో నాయకుడు భూమి రాబడిని అనుభవించుచు, అందుకు బదులుగా సైన్యమును పోషించి, కొంత ధనమును రాజునకు చెల్లించును. పెమ్మసానివారు గండికోటను ఈ విధముగనే పాలించినారు. వారి వాదము అనుభవమునుండి పుట్టినది: కోటను కాచినాము, చెరువులు నిలిపినాము, కనుక మాది.

రెండవ హక్కు విజయనగర రాజులది. 1565లో రక్కసి-తంగడి యుద్ధము తరువాత రాజధాని పెనుకొండకు, చంద్రగిరికి, వేలూరునకు మారుచు పోయినది. చివరి రాజైన మూడవ శ్రీరంగరాయలకు భూమి తగ్గినదేగాని బిరుదులు తగ్గలేదు. నాయంకరమిచ్చిన రాజు తానే గనుక మూలస్వత్వము తనదని ఆయన వాదము. ఈయనయే తుదకు మొగలు దర్బారునకు విన్నపములు పంపి, కప్పము చెల్లించెదనని రక్షణ వేడినాడు. ఆనాటి పోరాటమును రెండు మతముల పోరాటముగా మాత్రమే చూచువారు ఈ సంగతిని గమనింపవలెను.

మూడవ హక్కు గోల్కొండ సుల్తాను అబ్దుల్లా కుతుబ్ షాది. 1636లో షాజహాను ఒత్తిడికి లొంగి ఆయన మొగలు ఆధిపత్యమును అంగీకరించినాడు. ఉత్తరమున దారి మూసికొనిపోగా గోల్కొండ, బిజాపూరు సైన్యములు దక్షిణమున కర్ణాటకముపైకి మరలినవి. ‘కర్ణాటకము’ అనగా ఆనాటి వాడుకలో విజయనగర రాజుల మిగిలిన భూములు. మన కడపసీమయు అందులోనిదే. నౌకరు గెలిచినదంతయు యజమానికే చెందునని సుల్తాను వాదము.

నాలుగవ హక్కు మీర్ జుమ్లాది. ఈయన పారశీక దేశమున అర్దిస్తానునందు పుట్టి, గోల్కొండ చేరి, వజ్రపు గనుల గుత్తలవలనను ఓడవ్యాపారమువలనను అపార ధనమార్జించినాడు. స్వంత అశ్వదళమును, ఐరోపా ఫిరంగివాండ్రను పోషించినాడు. 1650లో గండికోట ఆయన చేజిక్కినది. నా ధనముతో, నా సైన్యముతో గెలిచితిని, కనుక నాదేయని ఆయన భావము.

1652లో ఫ్రెంచి రత్నవర్తకుడు టావెర్నియర్ గండికోటకు వచ్చి ఈయనను చూచినాడు. మీర్ జుమ్లా గుడారములో వట్టికాళ్లతో కూర్చుండి, కాలివ్రేళ్ల సందులలోను ఎడమచేతి వ్రేళ్ల సందులలోను ఉత్తరములు ఇరికించుకొని, ఒక్కొక్కటే తీసి జవాబులు చెప్పి వ్రాయించుచుండెనని అతడు వర్ణించినాడు. ఫిరంగులతో గెలిచిన కోటను నిలుపుకొనుటకు కాగితము ఎంత ముఖ్యమో ఆ దృశ్యము తెలుపుచున్నది.

అయిదవ హక్కు మొగలు చక్రవర్తిది. గోల్కొండ నాకు సామంతము, సామంతుడు గెలిచిన భూమిపై పైహక్కు నాదని షాజహాను పక్షపు వాదము. ఈ హక్కునకు గండికోటలో ఒక్క సైనికుడైనను అక్కరలేకపోయినది. ఒక్క ఫర్మానా చాలినది.

కాగితములమీది యుద్ధము

1655 నాటికి సుల్తానునకు మీర్ జుమ్లాపై అనుమానము ముదిరినది. ఆ సంవత్సరాంతమున ఆయన కుమారుడు మహమ్మద్ అమీను హైదరాబాదులో నిర్బంధింపబడినాడు. మీర్ జుమ్లా అంతకు ముందే మొగలులతో ఉత్తర ప్రత్యుత్తరములు నడుపుచుండెను. ఈ నిర్బంధమును సాకుగా తీసికొని ఔరంగజేబు 1656 ఫిబ్రవరిలో గోల్కొండను ముట్టడించినాడు. మార్చి చివర షాజహాను ఆజ్ఞవలన ముట్టడి ఎత్తివేయబడినది. మీర్ జుమ్లా ఢిల్లీకి పోయి మొగలు దివాను పదవి పొందినాడు.

పిదప కర్ణాటకము ఆయనకే జాగీరుగా ఈయబడినది. చూడుడు: అదే భూమి, అదే మనుష్యుడు. కాని నిన్న సుల్తాను సేవకునిగా గెలిచిన భూమి నేడు చక్రవర్తి దానమైనది! ఆ సీమ తన రాజ్యములోనిదని సుల్తాను చేసిన విన్నపము చెల్లలేదు. శ్రీరంగరాయలు ఈ అదను చూచి పోయిన భూమిని మరల పొందజూచినాడు.

సముద్రతీరమునను ఇదే చిక్కు. ఇంగ్లీషువారు మద్రాసు నేలను 1639లో దామెర్ల నాయకునివద్ద పొందినారు. 1645లో శ్రీరంగరాయలవద్ద ఖాయపరచుకొన్నారు. గోల్కొండ సైన్యము రాగానే మీర్ జుమ్లావద్ద మరల అనుమతి పొందినారు. ఒకే నేలకు మూడు పట్టాలు! తరువాత మీర్ జుమ్లా ఓడ విషయమై తగవు వచ్చినప్పుడు ఆయన ఉద్యోగులు 1657లో మద్రాసును ముట్టడించినారు. ఎన్ని పట్టాలున్నను చివరకు బలమే మాట్లాడుననుట ఆ వర్తకులు ఇచ్చట నేర్చిన పాఠము. ఆ పాఠమును వారు మరువలేదు.

తరువాతి కథ

1687లో గోల్కొండ మొగలుల వశమైనది. పిమ్మట కడపలో మయానా నవాబులు స్వతంత్రులవలె పాలించినారు. 1751లో ఫ్రెంచివారి అండతో దక్కను సింహాసనమెక్కిన ముజఫర్ జంగు, తనకు తోడ్పడిన కడప, కర్నూలు పఠాను నవాబులకు తగిన ప్రతిఫలమీయలేదన్న తగవులో రాయచోటి సమీపమున లక్కిరెడ్డిపల్లెవద్ద హతుడైనాడు. 1779లో హైదరాలీ కడప నవాబును ఓడించినాడు. 1792 సంధిలో ఈ సీమ నిజామునకు పోయినది. 1800లో నిజాము దానిని, తన రాజ్యమున నిలుపుకొనిన కంపెనీ సైన్యపు ఖర్చులకు బదులుగా, కంపెనీకే ఒప్పగించినాడు. నూటయేబది సంవత్సరములలో ఇందరు ప్రభువులు మారినారు.

కంపెనీ పక్షమున వచ్చిన థామస్ మన్రోకు ఇచ్చట సుమారు ఎనుబదిమంది పాళెగాండ్రు ఎదురైనారు. వారి హక్కులు కొన్ని పాతసనదులు, కొన్ని కావలి మామూళ్లు, కొన్ని కేవలము కత్తి. మన్రో వారి సైన్యములను తొలగించి, కొందరికి భరణములు ఏర్పరచి, శిస్తును నేరుగా రైతుతోనే నిర్ణయించినాడు. వాదము మాత్రము అణగలేదు. భరణముల విషయమున అన్యాయము జరిగినదని 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తిరుగుబాటు చేసి, 1847లో కోవెలకుంట్లవద్ద ఉరితీయబడినాడు.

ఆరవ హక్కు

ఈ అయిదు వాదములలో ఒక వాది కనిపించడు. ఆతడే మెట్టదున్నిన రైతు. కోట ఎవరిదైనను ధాన్యాగారము నింపినది ఆతడే. ఇద్దరు ప్రభువులు ఒకే గ్రామమును తమదన్నప్పుడు ఇద్దరి తహశీలుదారులును ఆతని గడపకే వచ్చెదరు. హక్కుల తగవు దర్బారులో కాగితముగా నుండును. పల్లెలో అది రెండవమారు కట్టవలసిన పన్ను.

ఆ పల్లెల మాట మనకు కొంత దొరకుచున్నది. మెకంజీ దొర కావలి సోదరుల సహాయముతో సేకరింపించిన కైఫియత్తులలో గ్రామకరణములు చెప్పిన వృత్తాంతములున్నవి. భాష తెలుగు, ‘కైఫియత్తు’ అను పేరు అరబ్బీనుండి పారసీ, ఉర్దూల ద్వారా వచ్చినది. జాగీరు, సనదు, ఫర్మానా, శిస్తు, తహశీలు ఒకవైపు. నాయంకరము, పాళెము, కావలి, మాన్యము మరొకవైపు. ఈ రెండు పదరాశులును ఎరిగినవానికే ఆ కాగితములు పూర్తిగా బోధపడును. ఉర్దూ, తెలుగు రెండును వినిపించు కళాశాలలో చదువు విద్యార్థులకు ఇది గొప్ప అనుకూలత. అన్యులు నిఘంటువులో వెదకవలసినదానిని మీరు ఇంటనే వినుచున్నారు.

ఒకరు ఇచ్చిరి, మరొకరు పుచ్చుకొనిరి గనుక ఈ సీమకు ‘దత్తమండలములు’ అను పేరు పడినది. ఇచ్చునప్పుడు సీమవాసులను ఎవరును అడుగలేదు. 1928లో నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావుగారి సూచనపై ‘రాయలసీమ’ అను పేరు స్వీకరింపబడినది. ఎవరో దానము చేసిన భూమిగా కాక, తమదైన సీమగా దానికి ఇచ్చటివారే పేరు పెట్టుకొన్నారు. గండికోట ప్రాకారముపై నిలిచినప్పుడు ఏ రాజు గెలిచినాడని మాత్రమే గాక, ఏ హక్కుతో గెలిచినాడు, ఆ హక్కు వెల ఎవరు చెల్లించినారని కూడ విద్యార్థి అడుగవలెను.