అతిథుల నిముడ్చుకొను స్ఫటికములు

కలకండవంటి స్ఫటికములలో అణువులు వరుస తప్పక, నడుమ చోటు మిగులకుండ ఒకదాని నొకటి హత్తుకొని యుండును. అయినను కొన్ని పదార్థముల యణువులు తమ నడుమ గదులను, సొరంగములను విడిచి, వానియందు అన్యపదార్థపు టణువులను నిలుపుకొనును. ఇల్లు గట్టినది ఆతిథేయి. అందు జేరినది అతిథి. ఈ రెంటికిని రసాయన సంయోగము లేదు. గోడలే అతిథిని పట్టియుంచును. 1948లో పవెల్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు ఇట్టివానికి, కటకటాలలో నుంచబడినవి అను నర్థమున, ‘క్లాత్రేటులు’ అని పేరిడెను.

మన ఉయ్యాలవాడ రైతులు పైరులకు జల్లు యూరియాయే ఇందుకు మంచి నిదర్శనము. ఒంటరిగా నున్నప్పుడు దాని స్ఫటికమున నిట్టి సొరంగములు లేవు. తిన్నని గొలుసువంటి యణువులతో గూడి అది క్రొత్త స్ఫటికము లగునని 1940లో జర్మనీయుడగు బెంగెన్ కనుగొనెను. అప్పుడు యూరియా యణువులు ఉదజని బంధములచే చేయిచేయి కలిపి, అతిథిచుట్టును తేనెపట్టువలె ఆఱు పలకల సొరంగములను గట్టును. మిల్లీమీటరును కోటి భాగములు చేసినచో, ఆ సొరంగపు వెడల్పు అందు 5, 6 భాగములు మాత్రమే.

ఆక్టేను, ఐసో ఆక్టేను అను రెండు ద్రవములయందును అణువునకు 8 కర్బన పరమాణువులు, 18 ఉదజని పరమాణువులు గలవు. తిన్నని గొలుసగు మొదటిది లోనికి బోవును. కొమ్మలు గల రెండవది వెలుపలనే నిలుచును. ఇట్లు తూకమున సమానములైన వానిని ఆకారముచే వేఱుపఱుపవచ్చును. అతిథి వెడలిపోయిన ఆ యిల్లు కూలి, మామూలు యూరియా యగును.

ఇది యాదృచ్ఛికముగా దొరకిన యిల్లు. ముందుగా నూహించి యిల్లు గట్టగలమా? 1974లో స్థాపితమైన హైదరాబాదు విశ్వవిద్యాలయమున దీనికై గొప్ప కృషి జరిగినది. అణువులు పరస్పరము పట్టుకొను పట్లను గుర్తించి, వానితోనే స్ఫటికములను రూపొందింపవలెనని ఆచార్య గౌతమ్ దేశిరాజుగారు 1989లో గ్రంథమునను, 1995లో వ్యాసమునను వివరించిరి. ఆచార్య అశ్విని నంగియాగారు శిష్యులతోను, హాంకాంగు శాస్త్రజ్ఞులతోను గూడి, 1999లో మూడు చేతులు గల యొక యణువును గూర్చి ప్రకటించిరి. దాని నడుమ ట్రయజీను వలయము, చేతుల కొనలయందు బ్రోమిను పరమాణువులు గలవు. మూడు పొరుగు అణువుల బ్రోమినులు ముక్కోణముగా గలియగా, నడుమ అతిథులకు సొరంగములు ఏర్పడినవి.

ఔషధ స్ఫటికమున ద్రావణి చిక్కుకొనిన, మందు కరుగు తీరును, నిలువయుండు తీరును మారవచ్చును. కావున ఏ యతిథి ఏల చేరునో తెలియుట వేడుకకు మాత్రమే కాదు.

విద్యార్థులారా! తీగెతో మూడు సమానమైన చేతులు గల బొమ్మలను పెక్కు చేసి, మూడేసి కొనల నొక్కచోట గలుపుచు బల్లపై పేర్చి చూడుడు. ఆఱు పలకల గదులు మీ కన్నుల యెదుటనే తెఱచుకొనును.