ఊపిరితిత్తుల చుట్టూ నీరు చేరితే...

బాలలూ! డబ్బాలో నూనె ఎంతవరకు ఉందో మూత తీయకుండానే దుకాణదారు చెప్పడం చూసే ఉంటారు. వేలితో పైనుంచి కిందికి కొట్టుకుంటూ వస్తాడు. ఖాళీ ఉన్నచోట డబడబమంటుంది, నూనె ఉన్నచోట మొద్దుగా పలుకుతుంది. ఆస్ట్రియా వైద్యుడు ఆవెన్‌బ్రుగ్గర్ ఇలాగే రోగి ఛాతీ మీద వేళ్ళతో కొట్టి చూసి, 1761లో ఆ సంగతిని పుస్తకంగా రాశాడు. ఆయన సత్రం నడిపేవారి బిడ్డ. పీపాలు కొట్టి చూడడం చిన్నప్పుడే నేర్చాడేమో!

ఇదెందుకు గుర్తొచ్చిందంటే, ఆమధ్య తెనాలి నుంచి రేపల్లె వెళ్ళే రైల్లో బాపట్ల వైపు పెద్దాయన ఒకరు కలిశారు. "ఊపిరితిత్తుల్లో నీళ్ళు తీశారు మాస్టారూ, రెండు సీసాలు! ఇప్పుడు హాయిగా ఊపిరాడుతోంది. ఇంకా మందులెందుకు?" అన్నారు.

నీరు చేరింది ఊపిరితిత్తిలో కాదు, దాని చుట్టూ. ఊపిరితిత్తిని అంటి ఒక పొర, పక్కటెముకల లోపలివైపు మరో పొర ఉంటాయి. వీటినే ప్లూరా అంటారు. రెండు గాజు పలకల మధ్య నీటిచుక్క వేసి చూడండి: జారతాయి గాని తేలిగ్గా విడిపోవు. ఈ పొరల మధ్య కూడా అందుకే కొద్దిపాటి ద్రవం, ఒక్కో పక్క సుమారు రెండు టీచెంచాలు, ఉంటుంది. అది ఊరుతూనే ఉంటుంది, ఇంకుతూనే ఉంటుంది. మన డెల్టా పొలాల్లో బోదె నీరు ఎక్కువైనా, మురుగు కాలువ పూడినా చేను మునుగుతుంది కదా? ఇక్కడా అంతే. తాగిన మంచినీళ్ళకూ దీనికీ సంబంధం లేదు.

నీరు చేరినచోట కొడితే రాతిమీద కొట్టినట్టు మొద్దు శబ్దం వస్తుంది. స్టెతస్కోపులో శ్వాస శబ్దం సన్నగిల్లుతుంది. నిలబెట్టి ముందువైపు ఎక్స్‌రే తీస్తే, సుమారు 200 మిల్లీలీటర్లు చేరాక పక్కటెముకల అడుగు మూల మొద్దుబారి కనిపిస్తుంది. అల్ట్రాసౌండ్ అంతకన్నా తక్కువ నీటినీ పట్టేస్తుంది.

అయితే నీరు ఉందని తెలిస్తే చాలదు, ఎందుకు చేరిందో తెలియాలి. అందుకే సూదితో కొంత తీస్తారు. సూదిని పక్కటెముక పై అంచు వెంబడే గుచ్చుతారు, కింది అంచున రక్తనాళాలు, నాడి ఉంటాయి గనుక. గుండె బలహీనపడినా, కాలేయమో మూత్రపిండాలో చెడినా వచ్చే నీరు సాధారణంగా పలుచన. క్షయ, న్యుమోనియా, క్యాన్సర్‌లలో పొరే జబ్బుపడి మాంసకృత్తులు కారతాయి. రక్తంలోని మాంసకృత్తుల్లో సగానికి మించి ఆ నీటిలో ఉంటే ఇది రెండో రకం అన్న కొలతను 1972లో అమెరికా వైద్యుడు రిచర్డ్ లైట్ బృందం ప్రకటించింది. మరికొన్ని కొలతలూ ఉన్నాయి, అవి మీకు పెద్ద తరగతుల్లో వస్తాయి.

పెద్దాయనది క్షయ. క్షయ నీటిలో క్రిములు కొద్దిగానే ఉంటాయి గనుక సూక్ష్మదర్శినికి తరచు దొరకవు. ఏడీఏ అనే ఎంజైమును కొలిచి ఆనవాలు పడతారు. చిత్రమేమంటే, మందు లేకపోయినా ఈ నీరు చాలామందిలో దానంతటదే ఇంకిపోతుంది. మోసమంతా అక్కడే ఉంది! క్రిములు దాగి ఉండి, కొన్నేళ్ళకు ఊపిరితిత్తినే తినేస్తాయి. అందుకే కనీసం ఆరు నెలల మందు. ప్రభుత్వాసుపత్రుల్లో అది ఉచితం.

భట్టిప్రోలు దాటేదాకా ఇదంతా చెప్పాను. "మందులు మొదలుపెట్టి ఎన్నాళ్ళయింది బాబాయిగారూ?" అని అడిగాను.

"రెండు నెలలు."

ఆయన మిగిలిన నాలుగు నెలలూ వేళ్ళమీద లెక్కపెట్టుకుంటుండగా రేపల్లె వచ్చేసింది.