ఉహద్ తరువాత దిగిన ఆదేశం

ఎన్నికల ప్రస్తావన వస్తే చాలు, మన చుట్టూ రెండు రకాల మనుషులు కనిపిస్తారు. ఒకరు తమ నాయకుణ్ణి ఎవరైనా పల్లెత్తు మాట అంటే మండిపడతారు. పార్టీ కోసం సొంత అన్నదమ్ములతో కూడా మాటలు మానేస్తారు. మరొకరు "ఎవరొచ్చినా మనకు ఒరిగేదేమీ లేదు, అందరూ దొంగలే" అని పెదవి విరుస్తారు. పోలింగ్ రోజు వారికి మరో సెలవు దినం మాత్రమే. మస్జిదులో ఒకే వరుసలో భుజం భుజం కలిపి నిలబడే మనలోనూ ఈ రెండు రకాల వారూ ఉన్నారు. నమాజులో కలిసిన భుజాలు గుమ్మం దాటగానే విడిపోతున్నాయి.

పైకి చూస్తే ఈ రెండు ధోరణులు ఒకదానికొకటి విరుద్ధమైనవి. ఒకటి మితిమీరిన ఆవేశం, మరొకటి మితిమీరిన నిరాశ. కాని లోతుగా ఆలోచిస్తే రెండింటి మూలం ఒక్కటే. ప్రజల వ్యవహారాలు మనకు అప్పగించబడిన అమానత్ అన్న సంగతిని ఇద్దరూ మరచిపోయారు. ఈ విషయంలో ఉహద్ సంఘటన మనకేం నేర్పుతుందో ఈ పాఠంలో చూద్దాం.

ఒకే రోజు, రెండు దృశ్యాలు

2024 మే 13న ఆంధ్రప్రదేశ్‌లో శాసనసభకూ లోక్‌సభకూ, తెలంగాణలో లోక్‌సభకూ పోలింగ్ జరిగింది. ఆంధ్రప్రదేశ్‌లో 80 శాతానికి పైగా ఓటర్లు బారులు తీరి ఓటు వేశారు. ఇది ఎంతో సంతోషించదగిన విషయం. కాని ఆ రోజూ, ఆ తరువాతి రోజుల్లోనూ పల్నాడు ప్రాంతంలో, తాడిపత్రిలో, చంద్రగిరిలో పార్టీల మధ్య ఘర్షణలు చెలరేగాయి. వాటిపై దర్యాప్తుకు ప్రత్యేక బృందాన్ని నియమించవలసి వచ్చింది. నాయకులు గెలుస్తారు, ఓడుతారు. తలలు పగిలేదీ, కేసుల్లో ఇరుక్కునేదీ మాత్రం సామాన్య కార్యకర్తలే.

అదే రోజున హైదరాబాద్ లోక్‌సభ నియోజకవర్గంలో పోలైన ఓట్లు 48 శాతం పైచిలుకు మాత్రమే. అంటే జాబితాలో ఉన్నవారిలో సగం మంది కూడా పోలింగ్ కేంద్రానికి రాలేదు. ఓటర్ల జాబితాల్లో లోపాలు, సొంత ఊళ్ళకు వెళ్ళడం వంటి కారణాలు కొన్ని ఉండవచ్చు. అయినా "నా ఒక్క ఓటుతో ఏమవుతుంది?" అన్న నిర్లిప్తత అందులో ఉందని మనందరికీ తెలుసు. ఒకచోట ఆవేశం మనుషుల్ని చీల్చింది. మరొకచోట నిరాశ మనుషుల్ని ఇంట్లో కూర్చోబెట్టింది.

ఉహద్‌కు ముందు జరిగిన సంప్రదింపు

హిజ్రీ 3వ సంవత్సరంలో మక్కా ఖురైషులు బద్ర్ ఓటమికి ప్రతీకారం తీర్చుకోవడానికి సుమారు 3 వేల మందితో మదీనాపైకి వచ్చారు. దైవప్రవక్త (స) సహచరులను సమావేశపరచి సలహా అడిగారు. పట్టణంలోనే ఉండి ఎదుర్కోవడం మంచిదని ఆయన అభిప్రాయం. కాని బద్ర్‌లో పాల్గొనే అవకాశం దక్కని యువకులతో సహా చాలామంది బయటకు వెళ్ళి పోరాడాలని పట్టుబట్టారు. ఆయన (స) వారి మాటను మన్నించి కవచం ధరించి వచ్చారు. ఆయనను ఒత్తిడి చేశామే అని వారు అప్పుడు బాధపడ్డారు. అయినా తీసుకున్న నిర్ణయం నుండి ఆయన (స) వెనుదిరగలేదు.

అక్కడ మరొక వ్యక్తి కూడా ఉన్నాడు. అతడే అబ్దుల్లాహ్ బిన్ ఉబై. పట్టణంలోనే ఉండాలన్నది అతని అభిప్రాయం కూడా. తన మాట చెల్లకపోయేసరికి అతడు దారి మధ్యలోనే సుమారు 300 మందిని వెంటబెట్టుకుని వెనుదిరిగాడు. బయలుదేరిన వెయ్యి మందిలో దాదాపు మూడోవంతు అలా విడిపోయింది. తరువాత ముస్లిములకు నష్టం జరిగినప్పుడు, తమ మాట విని ఉంటే వారు చంపబడేవారు కాదని ఆ కపటులు ఎత్తిపొడిచారు. (ఆలి ఇమ్రాన్: 168)

ఒకే అభిప్రాయం ఉన్న ఇద్దరి నడవడిలో ఎంత తేడా ఉందో గమనించండి. తన అభిప్రాయం నెగ్గకపోయినా దైవప్రవక్త (స) అందరితో కలిసి ముందు నడిచారు. ఇబ్న్ ఉబై మాత్రం తన మాట నెగ్గలేదు కాబట్టి సమాజాన్నే వదిలేశాడు. పైగా, సమాజానికి కష్టం వస్తే తన మాటే నిజమైందని చూపించుకోవడానికి ఉబలాటపడ్డాడు. ఈ రోజు మన పార్టీ ఓడిపోతే రాష్ట్రం నాశనమైనా ఫరవాలేదు, గెలిచినవారు విఫలమైతే చాలు అని లోలోపల కోరుకునే మనస్తత్వం ఎవరిది? ఈ ప్రశ్న మనల్ని మనమే వేసుకోవాలి.

పరాభవానికి అసలు కారణం

యుద్ధంలో మొదట ముస్లిములదే పైచేయి అయింది. కొండ మీద కాపలా ఉంచిన 50 మంది విలుకాండ్రను, ఏం జరిగినా స్థానం వదలవద్దని దైవప్రవక్త (స) గట్టిగా ఆదేశించారు. కాని శత్రువులు పారిపోవడం, క్రింద విజయధనం కనిపించడంతో వారిలో చాలామంది కొండ దిగి వచ్చేశారు. శత్రుసేన వెనుక నుండి విరుచుకుపడింది. హజ్రత్ హమ్జా (రజి)తో సహా సుమారు 70 మంది అమరులయ్యారు. దైవప్రవక్త (స) కూడా గాయపడ్డారు.

ఇటువంటి సమయంలో లోకం ఏమంటుంది? "అందరినీ అడగడం వల్లనే ఈ గతి పట్టింది. ఇకమీదట ఎవరినీ అడగనవసరం లేదు" అంటుంది. కాని అల్లాహ్ ఆదేశం అందుకు పూర్తిగా భిన్నంగా దిగింది. వారి పట్ల మృదువుగా ఉన్నందుకు దైవప్రవక్త (స)ను ప్రశంసించి, కఠినంగా ఉంటే వారు చెల్లాచెదురయ్యేవారని చెప్పి, మూడు పనులు చేయమన్నాడు: వారిని మన్నించాలి, వారి కోసం క్షమాభిక్ష వేడుకోవాలి, వ్యవహారాల్లో వారిని సంప్రదించాలి. (ఆలి ఇమ్రాన్: 159)

ఎవరి సలహా మేరకు బయలుదేరడం జరిగిందో, ఎవరు స్థానం వదిలారో, వారినే మళ్ళీ సంప్రదించమని ఆదేశం! ఎందుకంటే తప్పు సంప్రదింపులో లేదు. ప్రాపంచిక సంపద మీద ఆశతో అమానత్‌ను వదలి కొండ దిగడంలో ఉంది. అదే సూరా 152వ వాక్యం ఈ బలహీనతనే ఎత్తి చూపింది. ఈ పాఠంలోని అసలు విషయం ఇదే. మన పాలనావ్యవస్థ మీద నమ్మకం సన్నగిల్లడానికి కారణం ప్రజలను అడిగి పాలకులను ఎన్నుకోవడం కాదు. నాయకులైనా, ఓటర్లైనా విజయధనం కోసం ఎవరి కొండను వారు దిగి రావడమే.

షూరా, ప్రజాస్వామ్యం ఒకటేనా?

ఇక్కడ ఒక సందేహం రావచ్చు. ఇస్లామ్ చెప్పే షూరా, నేటి ప్రజాస్వామ్యం అన్ని విధాలా ఒకటి కావు. ధర్మాధర్మాలను నిర్ణయించే అధికారం అల్లాహ్‌దేనని విశ్వాసి నమ్ముతాడు. ఎంతమంది ఓటేసినా అధర్మం ధర్మం కాదు. అయితే ప్రజల వ్యవహారం కత్తితోనో వంశంతోనో కాక పరస్పర సంప్రదింపుతో నడవాలన్నది విశ్వాసుల లక్షణంగా దివ్య ఖుర్ఆన్ పేర్కొంది. (అష్షూరా: 38) భిన్న మతాల వారు కలిసి జీవించే మన దేశంలో ఆ సంప్రదింపుకు అందుబాటులో ఉన్న మార్గం ఎన్నికలే.

ఈ హక్కు మన తాతలకు సులువుగా దొరకలేదు. బ్రిటిషువారి 1935 చట్టం కింద ఆస్తి, పన్ను, చదువు వంటి అర్హతలున్న కొద్దిమందికే ఓటు ఉండేది. 1951-52లో జరిగిన మొదటి సాధారణ ఎన్నికల్లో పేద, ధనిక, స్త్రీ, పురుష భేదం లేకుండా 17 కోట్లకు పైగా ప్రజలు ఓటర్లయ్యారు. అంత పెద్ద అమానత్‌ను నిర్లక్ష్యం చేయడం కృతఘ్నత అవుతుంది.

ఓటు ఒక సాక్ష్యం

ప్రముఖ విద్వాంసులు ముఫ్తీ ముహమ్మద్ షఫీ (రహ్మ) ఓటుకు మూడు కోణాలున్నాయని వివరించారు. అది అభ్యర్థి యోగ్యతకు మనమిచ్చే సాక్ష్యం, అతని కోసం చేసే సిఫారసు, అతనికి అప్పగించే ప్రాతినిధ్యం. ఈ మూడింటికీ అల్లాహ్ ముందు జవాబు చెప్పుకోవాలి. మంచి సిఫారసు చేసినవానికి మంచిలో భాగం, చెడు సిఫారసు చేసినవానికి చెడులో భాగం ఉంటుందని దివ్య ఖుర్ఆన్ హెచ్చరించింది. (అన్నిసా: 85)

మరి సాక్ష్యాన్ని అమ్ముకోవచ్చా? 2021లో హుజూరాబాద్ ఉప ఎన్నిక సమయంలో కొన్ని గ్రామాల ఓటర్లు తమకు డబ్బు కవర్లు అందలేదని రోడ్డెక్కి నిరసన తెలిపారని పత్రికల్లో వార్తలు వచ్చాయి. లంచం తీసుకోవడం సిగ్గుచేటు అన్న రోజులు పోయి, అందకపోతే అన్యాయం జరిగినట్లు భావించే రోజులు వచ్చాయి! 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం ఓటుకు డబ్బివ్వడాన్ని అవినీతి చర్యగా పేర్కొంది. లంచం ఇచ్చేవాణ్ణి, తీసుకునేవాణ్ణి కూడా దైవప్రవక్త (స) శపించారు. (తిర్మిజీ) ప్రళయ దినాన అల్లాహ్ మాట్లాడని ముగ్గురిలో, ప్రాపంచిక లాభం కోసమే నాయకునికి ప్రమాణం చేసి, అడిగింది ఇస్తే కట్టుబడి, ఇవ్వకపోతే వదిలేసేవాడు ఒకడని కూడా ఆయన తెలిపారు. (బుఖారీ, ముస్లిం) "అందరూ ఇస్తున్నారు, తీసుకుని మనకు నచ్చినవారికే వేద్దాం" అనేవారు ఈ హదీసుల గురించి ఒక్క క్షణం ఆలోచించాలి.

పార్టీ పేరుతో అజ్ఞానకాలపు పిలుపు

ఒక సైనిక ప్రయాణంలో ఒక ముహాజిర్‌కూ ఒక అన్సారీకీ గొడవ జరిగింది. ఒకరు ముహాజిర్లను, మరొకరు అన్సారులను సహాయానికి కేక వేసి పిలిచారు. అది విన్న దైవప్రవక్త (స) ఇవేం అజ్ఞానకాలపు పిలుపులని మందలించి, దుర్గంధమైన ఆ మాటను వదిలేయమన్నారు. (బుఖారీ, ముస్లిం) ముహాజిర్, అన్సార్ అన్నవి ఎంతో గౌరవప్రదమైన పేర్లు. దివ్య ఖుర్ఆన్ ప్రశంసించిన పేర్లు. న్యాయాన్యాయాలు చూడకుండా 'మనవాడు' అని గుంపు కట్టడానికి వాడినప్పుడు అంత మంచి పేర్లే దుర్గంధంగా మారాయి. అటువంటప్పుడు జెండా రంగుల మాట చెప్పనవసరమే లేదు.

రాజ్యాంగ రచనకు సారథ్యం వహించిన డాక్టర్ అంబేద్కర్ కూడా 1949 నవంబర్ 25న రాజ్యాంగ సభలో మాట్లాడుతూ, రాజకీయాల్లో వ్యక్తిపూజ పతనానికీ, చివరకు నియంతృత్వానికీ దారి తీస్తుందని హెచ్చరించారు. పార్టీలో ఉండడం తప్పు కాదు. పార్టీ చేసిన తప్పును ఒప్పుగా వాదించడం తప్పు. తమకూ, తమ తల్లిదండ్రులకూ, బంధువులకూ వ్యతిరేకమైనా సరే న్యాయం వైపే నిలబడమని విశ్వాసులకు ఆదేశం ఉంది. (అన్నిసా: 135) ఒక వర్గం పట్ల ఉన్న ద్వేషం న్యాయం తప్పేలా చేయకూడదని మరో ఆదేశం ఉంది. (అల్ మాయిదా: 8) మొదటిది 'మనవారి' మీద మోహాన్ని అదుపు చేస్తే, రెండవది 'ఎదుటివారి' మీద పగను అదుపు చేస్తుంది.

'అందరూ దొంగలే' అనేవారికి

నిరాశకు కారణాలు లేవని మేము అనడం లేదు. 2009లో గెలిచిన లోక్‌సభ సభ్యుల్లో 162 మంది తమపై క్రిమినల్ కేసులున్నట్లు అఫిడవిట్లలో తెలిపితే, 2024లో ఆ సంఖ్య 251కి చేరిందని ఏడీఆర్ సంస్థ లెక్కగట్టింది. కేసు ఉన్నంత మాత్రాన నేరస్థుడు కాడు, నిజమే. అయినా ఈ పెరుగుదల ఆందోళనకరం.

కాని ఇదే లెక్కను మరోవైపు నుండి చూడండి. అటువంటి కేసులు ప్రకటించనివారు 292 మంది. 'అందరూ' అనే మాట ఇక్కడే వీగిపోయింది. జనమంతా నాశనమైపోయారు అనేవాడే అందరికంటే ఎక్కువ నాశనమైనవాడని దైవప్రవక్త (స) హెచ్చరించారు. (ముస్లిం) ఆ హదీసును అక్షరంలో చిన్న తేడాతో మరో విధంగా కూడా చదివారు. ఆ ప్రకారం, వారిని నాశనం చేసింది అతడే అని అర్థం వస్తుంది. ఎంత లోతైన మాట! అందరూ దొంగలే అన్నప్పుడు దొంగకూ దొరకూ తేడా పోతుంది. నిజాయితీపరుడు నిరుత్సాహపడి తప్పుకుంటాడు. దొంగ మాత్రం నిశ్చింతగా నిలబడతాడు.

మనం ఏం చేయాలి?

1. పార్టీల కారణంగా మాటలు మానేసిన బంధువులకు ముందుగా మనమే సలాం చేద్దాం. మూడు రోజులకు మించి సోదరునితో మాటలు మానివేయడం ధర్మసమ్మతం కాదు. ఇద్దరిలో ముందుగా సలాం చేసినవాడే ఉత్తముడు. (బుఖారీ, ముస్లిం)

2. ఫోనుకు వచ్చిన ప్రతి వార్తనూ ఇతరులకు పంపే ముందు నిజమో కాదో విచారిద్దాం. (అల్ హుజురాత్: 6) మనకు నచ్చిన వార్త విషయంలోనే ఈ జాగ్రత్త ఎక్కువ అవసరం.

3. పోలింగ్‌కు ముందే జాబితాలో పేరు చూసుకుందాం. అభ్యర్థుల అఫిడవిట్లు చదువుదాం. ఎవరూ యోగ్యులు కారనిపిస్తే 2013 నుండి 'పైవారెవరూ కాదు' అన్న మీట కూడా ఉంది.

4. ఓటు వేసి అయిదేళ్ళు మౌనంగా ఉండకుండా గ్రామసభలకు వెళ్దాం. సమాచార హక్కును ఉపయోగిద్దాం. మనం ఓటేసిన నాయకుణ్ణే ముందుగా ప్రశ్నిద్దాం.

5. ఇంట్లో, మస్జిద్ కమిటీలో సంప్రదింపును అలవాటు చేసుకుందాం. భార్యాపిల్లల్ని ఒక్క మాటైనా అడగనివాడు ప్రభుత్వం ప్రజల్ని అడగడం లేదని ఎలా వాపోగలడు?

ఆ 50 మందిలో అందరూ కొండ దిగలేదు. వారి నాయకుడు అబ్దుల్లాహ్ బిన్ జుబైర్ (రజి), మరికొందరు ప్రాణాలు పోయేవరకు ఆ స్థానాన్ని వదలలేదు. వారివల్ల ఆనాటి ఫలితం మారలేదు. అయినా తమకు అప్పగించిన అమానత్‌ను వారు నిలబెట్టుకున్నారు. అల్లాహ్ మనల్ని అడిగేది గెలిచిన పార్టీ గురించి కాదు, మనకు అప్పగించిన కొండ గురించి.

అల్లాహ్ మన హృదయాల నుండి పక్షపాతాన్ని, నిరాశను తొలగించుగాక! అమానత్‌ను నిలబెట్టుకునే భాగ్యాన్ని మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.