కట్టుకున్నది తానే కూల్చుకునే కణం

బి.యస్సీ. ప్రాక్టికల్ పరీక్షలో ఎగ్జామినరుగారు నన్నొక ప్రశ్న అడిగారు: "కణం అంత కష్టపడి తయారుచేసుకున్న ఎంజైమును మళ్ళీ తానే ఎందుకు ముక్కలు చేస్తుందోయ్?" "పాతబడిపోతుంది కదండీ!" అన్నాను. ఆయన నవ్వి ఊరుకున్నారు.

సరైన జవాబు మొన్న మా నాన్నగారికి చెప్పవలసి వచ్చింది. "రిపోర్టు బాగా వచ్చిందిరా, ఇక కొలెస్టరాల్ మాత్రలు మానేస్తాను" అన్నారాయన. ఈ రెంటికీ జవాబు ఒకే ఎంజైములో ఉంది.

దాని పేరు హెచ్.ఎమ్.జి. కోఎంజైమ్-ఎ రిడక్టేజ్. క్షీరదాల కణాల్లో కొలెస్టరాల్ తయారీ వేగాన్ని ముఖ్యంగా నిర్ణయించేది ఇదే. అంతర్జీవద్రవ్యజాలపు పొరలో ఎనిమిదిసార్లు అటూ ఇటూ కుట్టినట్లు ఇది దిగబడి ఉంటుంది. పనిచేసే కొస మాత్రం కణద్రవ్యంలోకి చాచుకొని ఉంటుంది.

పొరలోని భాగం ఉత్త లంగరు కాదు, చెవి లాంటిది. 1985లో బ్రౌన్, గోల్డ్‌స్టీన్‌ల బృందం ఆ భాగాన్ని తొలగించి చూసింది. ఎంజైము పని చేసింది గాని, స్టెరాల్‌లు పెరిగినా త్వరగా విచ్ఛిన్నం కాలేదు. ఆ ఏడాదే వారిద్దరికీ నోబెల్ బహుమతి వచ్చింది.

మరి జరిగేదేమిటి? స్టెరాల్‌లు పెరిగితే రిడక్టేజ్ అదే పొరలో ఉన్న ఇన్సిగ్ అనే ప్రొటీనుతో జతకడుతుంది. ఇన్సిగ్‌ను అంటిపెట్టుకున్న మరో ఎంజైము రిడక్టేజ్‌కు యుబిక్విటిన్ అనే చీటీ తగిలిస్తుంది. చీటీ పడ్డ ప్రొటీనును పొరలోంచి బయటికి లాగేస్తారు సహాయక ప్రొటీనులు. ప్రోటియాసోమ్ దాన్ని ముక్కలు చేస్తుంది. స్టెరాల్ కొరతలో పది గంటలకు పైగా ఉండే అర్ధాయువు, సమృద్ధిలో గంట లోపుకు పడిపోతుంది. కనుక ఈ కూల్చివేత ముసలితనం వల్ల కాదు, అదుపు కోసం.

ఇక మాత్ర సంగతి. స్టాటిన్ రిడక్టేజ్‌కు తాళం వేస్తుంది. లోపల స్టెరాల్ తగ్గగానే కాలేయకణం రక్తంలోంచి ఎల్.డి.ఎల్.ను ఎక్కువగా లాక్కుంటుంది. రిపోర్టు బాగుపడేది అందుకే. కాని అదే సమయంలో కణం రిడక్టేజ్‌ను కూల్చడం తగ్గించి, కొత్తది ఎక్కువగా తయారుచేస్తుంది. తాళం వెనక ఎంజైము పోగుపడుతుంది!

"నాన్నగారూ, ఆ రిపోర్టు మాత్ర చలవే. డాక్టరుగారిని అడక్కుండా తాళం తీయకండి" అన్నాను.

ఆయన కాసేపు ఆలోచించి, "ఈ ముక్క ఆ పరీక్షలోనే చెప్పి ఉంటే ఇంకో రెండు మార్కులు వచ్చేవి కదరా!" అన్నారు. రాత్రి మాత్ర మాత్రం వేసుకున్నారు.