తీగకూరలకు పండు ఈగ: వానకాలపు జాగ్రత్త

కరీంనగరు, ఆదిలాబాదు ప్రాంతములందు మృగశిర, ఆరుద్ర కార్తెలలో విత్తిన కాకర, బీర, పొట్ల, దోస పాదులు శ్రావణ భాద్రపదములలో కాపునకు వచ్చును. పండు ఈగ బాధ హెచ్చునదియు నప్పుడే.

ఆడ ఈగ లేతపిందెల తొక్కను సూదివంటి అవయవముతో గ్రుచ్చి లోపల గ్రుడ్లు పెట్టును. ఒకటి రెండు దినములలో పురుగులు పుట్టి గుజ్జును తినును. కాయ వంకరపోయి, క్రుళ్ళి రాలును. ఎదిగిన పురుగు నేలలో కొలది అంగుళముల లోతునకు దూరి గింజవంటి గట్టి గూడుగా మారును. వెచ్చని దినములలో వారము పది దినములకే ఈగయై వెలువడును. చలికాలమున నింకను జాగగును.

ఎండ మిక్కుటమై గాలి పొడిగా నుండు వేసవిలో ఈగలు తగ్గును. వానలు పడి, వేడి 32 డిగ్రీల సెంటిగ్రేడునకు లోబడి, గాలిలో తేమ హెచ్చినపుడు మరల ప్రబలును. కావున ముసురు దినములలో రైతులు పాదులను ప్రతిదినము చూడవలెను.

కాయలోని పురుగునకు పైన చల్లిన మందు తగులదు. చెడిన కాయలను గట్టున పారవేయుట రాబోవు ఈగలకు విత్తనము వేయుటయే. రాలినవానిని, తీగపై పురుగుపట్టినవానిని ఏరి, రెండడుగుల గోతిలో పూడ్చి మన్ను గట్టిగా త్రొక్కవలెను. పాదుల క్రింది మన్నును పైపైన త్రవ్వి గూళ్ళను ఎండకును పక్షులకును బయల్పరుపవలెను. పిందె నిలిచినంతనే కాగితపు సంచి తొడుగుట మేలు. క్యూలూర్ ఎరబుట్టలు మగ ఈగలను మాత్రమే పట్టును. అవి ఏరివేతకు తోడేగాని బదులు గావు.

పొరుగువారు ఉపేక్షించినచో ఈగ గట్టు దాటి వచ్చును. ఊరివారందరును కూడి చేసిననే ఈ పని ఫలించును.